దేవుణ్ణి నమ్మనివాడికీ తోడు కావాలి



మధ్యాహ్నం వంటా వార్పూ ముగించుకుని, గట్టు తుడుచుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు తాగుడు సంగతి ఎందుకు ఎత్తుతోందీవిడ అనుకోకండి. మన కార్యక్రమంలో తాగుడు మాన్పించడం గురించి ఎన్నోసార్లు చెప్పుకున్నాం. కాని ఒక రకం మనిషి గురించి మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు. తాగుడు మానాలని వుంది, దేవుడిమీద నమ్మకం లేదు. అలాంటివాడికి ఎవరు తోడు? ఇది నాకు పుస్తకాల్లో దొరికిన ప్రశ్న కాదు. మా ఇంట్లో పుట్టినదే.

మా తమ్ముడు కాలేజీ రోజుల నుంచీ నాస్తికుడు. మా విజయవాడలో పటమట నాస్తిక కేంద్రం వుంది గదా, అక్కడి ఉపన్యాసాలు విని వచ్చి మా నాన్నగారితో వాదం పెట్టుకునేవాడు. మంచివాడు, చదువరి, ఒక కంపెనీలో పద్దులు చూసే ఉద్యోగం. శనివారం స్నేహితులతో మొదలైన అలవాటు రోజూ వ్యవహారమైంది. మరదలి గాజులు తాకట్టుకు వెళ్లాయి. స్కూటరు స్టాండు వేసే చప్పుడునిబట్టి, ఈవేళ నాన్న ఎంత తాగి వచ్చాడో ఆరేళ్ల పిల్లవాడు చెప్పేసేవాడు. ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

నేను దీపం పెట్టకుండా కాఫీ తాగని మనిషిని. అందుచేత నాకు తోచిన మందు ఒకటే. అయ్యప్ప మాల వేయించాను. మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే కాదనలేక వాడు వేసుకున్నాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మా ఆనందం ఇంతా అంతా కాదు. కొండకు వెళ్లి వచ్చి మాల తీసిన మూడోరోజున మళ్లీ తాగి వచ్చాడు.

"భక్తి లేనివాడికి మాలేమిటి, అపచారం" అన్నారు చుట్టాలు. నేనూ అదే అన్నాను. వాడు మాత్రం తలవంచుకుని, "అక్కా, నలభై రోజులూ మీ అందరికోసం వేషం వేశాను. తాగకుండా వుండటం నేను నేర్చుకోలేదు" అన్నాడు. ఆ మాట నాకు ఆనాడు తలకెక్కలేదు.

మా పక్కవాటాలో ఒకాయన అదే మాల వేసుకుని తాగుడు మానేశారు, ఈనాటికీ ముట్టరు. ఆయన నమ్మకం ఆయన్ని కాచింది. దాన్ని నేను తక్కువచేయను. కాని ఒకరి కాలికి సరిపోయిన చెప్పు ఇంకొకరికి కరుస్తుంది. కరిచిందని ఏడ్చినవాడిని, నీ కాలే మంచిది కాదు అంటామా? మేం మా తమ్ముణ్ణి సరిగ్గా అలాగే అన్నాం.

ఆ తర్వాత జరిగినది చెప్పడానికి సిగ్గుగా వుంది. అయినా చెప్తాను, మీలో ఎవరైనా అదే పని చేయబోతుంటే ఆగుతారని. ఎవరో చెప్పగా మా మరదలు ఒక మాత్ర సంపాదించి, పొడిచేసి, వాడికి తెలియకుండా పప్పులో కలపడం మొదలుపెట్టింది. నాకు తెలుసు. వద్దనలేదు. అది డైసల్ఫిరామ్ అనే మందు. తాగిన సారాయిని మన శరీరం మామూలుగా విరిచి బయటకు పంపుతుంది. ఈ మందు ఒంట్లో వుంటే ఆ పని మధ్యలో ఆగిపోయి, విషంలాంటి పదార్థం పేరుకుంటుంది. మొహం ఎర్రబడటం, గుండెదడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే రావడం. ఆ రాత్రి రెండు గంటలకు వాణ్ణి ఆస్పత్రికి మోసుకుపోయాం. బతికాడు.

డాక్టరమ్మ మమ్మల్ని ఇద్దర్నీ పక్కకు పిలిచి చెప్పింది: ఈ మందు చెడ్డది కాదు, రోగికి చెప్పి, వాడు ఒప్పుకున్నాక, గుండే కాలేయమూ పరీక్షించి ఇవ్వవలసినది. ఆపాక కూడా రెండు వారాలదాకా దాని ప్రభావం వుండవచ్చు. దొంగతనంగా పెడితే అది వైద్యం కాదమ్మా, అన్నది. తరువాత నెలరోజులు మా తమ్ముడు ఇంట్లో అన్నం తినలేదు. హోటల్లో తిని వచ్చేవాడు. తాగుడు పోలేదు గాని, ఇంటి అన్నంమీద నమ్మకం పోయింది. చివరకు మరదలు తానే పొయ్యిమీది పప్పు గిన్నె వాడి ఎదట పెట్టి, తాను ముందు తిని, "ఇంక ఎన్నడూ చేయను" అని చెప్పింది. అక్కడ మొదలైందండీ అసలు వైద్యం.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేస్తే మనం సంతోషిస్తాం. కాని మానిన మొదటి మూడు నాలుగు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, మూర్ఛలు, లేనివి కనిపించడం, మాటల్లో తికమక రావచ్చు. ప్రాణాపాయం కూడా వుంది. అందుకని డాక్టరు కనుసన్నల్లోనే మానాలి. మావాణ్ణి పదిరోజులు ఆస్పత్రిలో వుంచి, వణుకు తగ్గే మందులూ, బి1 విటమినూ ఇచ్చారు. ఆ తర్వాత తాగాలనే యావ తగ్గించే మాత్ర ఇచ్చారు. నాల్ట్రెక్సోన్ అని, అకాంప్రోసేట్ అని ఇందుకు మందులున్నాయి. వీటికి నమ్మకంతో పనిలేదు. జ్వరం మాత్ర భక్తుడికీ నాస్తికుడికీ ఒకేలా పనిచేయడం లేదూ?

ఒళ్లు కుదుటపడింది. మరి మనసు? డాక్టరమ్మ వాణ్ణి ఆల్కహాలిక్స్ ఎనానిమస్ వారి సమావేశానికి పంపింది. 1935లో అమెరికాలోని ఎక్రన్ పట్నంలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారీ, బాబ్ స్మిత్ అనే సర్జనూ, ఇద్దరు తాగుబోతులు, ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టిన సంఘం అది. ఫీజు లేదు, పేరు బయటపెట్టరు. 2020లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన, ఆ పద్ధతి పూర్తిగా మానినవారిని నిలబెట్టడంలో మిగతా చికిత్సలకు తీసిపోదని తేల్చింది.

మావాడు వెళ్లి వచ్చి, "మనుషులు మంచివాళ్లే అక్కా. మొదటిసారి నా కథ నవ్వకుండా విన్నారు. కాని చివర ప్రార్థన చేశారు. ఆ పన్నెండు మెట్లలో సగం దేవుడి మాటే. మళ్లీ వేషం వేయమంటావా?" అన్నాడు.

ఈసారి నేను తొందరపడలేదు. సంగతేమిటో వాకబు చేశాను. తెలిసిందేమిటంటే, 1939లో ఆ సంఘంవారు పుస్తకం రాసుకునేనాడే వారిలో నమ్మకం లేనివాళ్లున్నారు. జిమ్ బర్వెల్ వంటివారు పట్టుబట్టబట్టే, దేవుడంటే ఎవరికి తోచినట్లు వారు అనుకోవచ్చునని సడలింపు చేర్చారు. ఆ సంఘంలో చేరడానికి కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలనే కోరిక. 1975లో షికాగోలో నాస్తికుల కోసమే ఆ సంఘంలో ఒక శాఖ పెట్టుకున్నారు. అంటే మా తమ్ముడి ఇబ్బంది వాడొక్కడి పెడసరం కాదు. ఎనభై ఏళ్లకు పైబడిన పాత ప్రశ్న.

అక్కడొక పెద్దాయన కూడా వాడికి దారి చూపారు. "నీకన్నా పెద్ద శక్తి అంటే, ఈ బల్లచుట్టూ కూర్చున్న పదిమందిమి అనుకోవయ్యా. ప్రార్థనవేళ బయట నిలబడు, టీవేళకు లోపలికి రా" అన్నారట. ఎంత పెద్ద మనసు! అలాంటి మనసున్నచోట నాస్తికుడైనా కూర్చోగలడు.

మరి దేవుడి ఊసే లేని సంఘాలు లేవా అంటే, వున్నాయి. జేమ్స్ క్రిస్టఫర్ అనే ఆయన 1985లో అమెరికాలో అటువంటిది పెట్టారు. 1994లో స్మార్ట్ రికవరీ అనే సంస్థ వచ్చింది. ఆలోచన మార్చుకుంటే అలవాటు మారుతుందనే మనస్తత్వశాస్త్రం దానికి పునాది. తాగడంవల్ల నాకు వచ్చేదేమిటి, పోయేదేమిటి అని కాగితంమీద రాసుకోమంటారు. ఇప్పుడు ఇలాంటి సమావేశాలు ఫోనులో కూడా జరుగుతున్నాయి. మావాడు పద్దుల మనిషి గదా, ఆ పద్ధతి చటుక్కున పట్టేశాడు. నోటుబుక్కులో గీత గీసి జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు రాశాడు. జమ వైపు "సాయంత్రం రెండు గంటలు దిగులుండదు" అని ఒక్క వరుస. ఖర్చు వైపు నాలుగు పేజీలు. చివరి వరుస, "స్కూటరు చప్పుడు."

అప్పుడు నేను నా వంటింట్లో కూర్చుని ఆలోచించాను. మాల వేసుకున్న నలభై ఒక్క రోజుల్లో వాణ్ణి తాగకుండా ఆపినదేమిటి? తెల్లవారుజామున లేవడం, సాయంత్రానికి ఒక పని వుండటం, తోటివాళ్ల కాపలా, పాత స్నేహితులు దగ్గరకు రాకపోవడం, నలుగురూ మర్యాదగా పిలవడం. పూజ పక్కన పెట్టినా ఇవన్నీ ఇవ్వవచ్చు గదా! మనం దీక్ష తీయగానే వీటినన్నిటినీ కూడా తీసేశాం.

అందుచేత కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాం. అన్నీ వాడితో చెప్పి, వాడు ఒప్పుకున్నవే. సాయంత్రం ఆరు గంటలు గండం. ఆ వేళకు ఆకలితో వుండకుండా ఏదో ఒక టిఫిను, ఆపైన కాలవగట్టున నడక. జీతం మరదలి ఖాతాలో వేయమని వాడే రాసిచ్చాడు. తాగాలనే యావ వస్తే ఫోను చేయడానికి మూడు నెంబర్లు, అందులో ఒకటి నాది. ఆ యావ కడుపునొప్పిలాంటిది, ఉధృతంగా వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. ఆ కాసేపు ఎవరో ఒకరు మాట్లాడుతూ వుండాలి, అంతే. ఆస్పత్రిలో పరిచయమైన ఇద్దరితో కలిసి ఆదివారం పొద్దున్న మా వరండాలో కూర్చోవడం మొదలుపెట్టారు. ముగ్గురు మనుషులు, ఇడ్లీలు, ఒక నోటుబుక్కు. అదే వాళ్ల సంఘం.

ఏడో నెలలో ఒక పెళ్లికి వెళ్లి జారాడు. ఆ రాత్రి వాడే ఫోను చేశాడు. "చెప్పానా" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "రేపు ఆదివారమేగా, ఇడ్లీలకు రా" అన్నాను. దానికిప్పుడు తొమ్మిదేళ్లయింది. మళ్లీ ముట్టలేదు.

మగవాళ్ల సంగతే చెప్పానని అనుకోకండి. తాగుడులో చిక్కుకున్న ఆడవాళ్లూ వున్నారు. వారికి సిగ్గు రెండింతలు. జీన్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ మహిళ తాను పడి లేచి, 1975లో స్త్రీలకోసం వేరే సంఘం స్థాపించారు. నాలో శక్తి లేదు అని ఒప్పుకోవడంతో మొదలుపెట్టడం ఆమెకు రుచించలేదు. నిజమే, ఆ పాఠం మన ఆడవాళ్లకు కొత్తగా నేర్పాలా! నా బతుకు నా చేతిలో వుంది అనడం నేర్పాలిగాని.

ఇంక భార్యల మాట. మా మరదలికీ ఒక తోడు కావలసి వచ్చింది. తాగేవారి కుటుంబాలకోసం అల్-అనాన్ అనే సంఘం 1951 నుంచీ వుంది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించింది ఒక్కొక్కరుగా కాదు, నలుగురూ కలిసే గదా. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే 14416కు ఫోను చేయండి. అది 2022లో కేంద్రప్రభుత్వం పెట్టిన టెలిమానస్. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. మత్తు అలవాట్లకు ప్రత్యేకంగా 14446 వుంది. మీ జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. అడిగేటప్పుడు, "మావారికి దేవుడి నమ్మకం లేదండీ, ప్రార్థన లేని పద్ధతి చెప్పండి" అని మొహమాటపడకుండా చెప్పండి. అది తప్పు కాదు, రోగం వివరాల్లో ఒకటి.

నాస్తిక కేంద్రం పెట్టిన గోరాగారు 1944లో సేవాగ్రామం వెళ్లి గాంధీగారిని కలిశారు. రోజూ ప్రార్థన చేసే ఆ మహానుభావుడు దేవుడు లేడనే మనిషిని దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడారేగాని, ముందు నమ్ము, తర్వాత రా అనలేదు. ఆయన అనని మాట నేను నా తోడబుట్టినవాణ్ణి అన్నాను. ఆ తొందరపాటుకు వాడి ప్రాణమే పోయేది.

నేను ఈనాటికీ వాడి పేర దీపం పెడతాను. వాడికి తెలుసు, ఏమీ అనడు. హారతి కళ్లకద్దుకోమని నేనూ అడగను. నా దీపం నాకు, వాడి నోటుబుక్కు వాడికి. మధ్యాహ్నం మాత్రం ఇద్దరం ఒకే పప్పు తింటాం.

సెలవు.