మూడు చక్రాల రేడియో బండి



నడక నేర్చుకొంటున్న పసిబిడ్డకు మన పెద్దలు మొట్టమొదట చేతికి అందించే వాహనం మూడు చక్రాల కొయ్యబండి. అందులో ఒక ఔచిత్యం ఉన్నది. నాలుగు కాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలమీద వేస్తే ఏదో ఒక కాలు గాలిలో తేలి పీట ఊగుతుంది. ముక్కాలిపీట ఎక్కడ వేసినా మూడు కాళ్ళూ నేలను ఆనుకొంటాయి. కదలకుండా నిలబడవలసిన వస్తువుకు మూడు కాళ్ళను మించిన నిలకడ లేదు. కాని అదే ముక్కాలిపీటకు చక్రాలు తగిలించి, వేగంగా పరుగెత్తించి, ఒక్క మలుపు తిప్పి చూడండి; అది ముందుగా బోల్తా పడుతుంది. నిలకడలో మేటి అయినది మలుపులో ఎందుకు బలహీనమౌతుంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవాడే మూడు చక్రాల రేడియో బండిని మెరుగుపరచగలడు.

రేడియో బండి అనగానే బజారులో దొరికే మామూలు ఆటబొమ్మ మీకు స్ఫురించవచ్చు. దానికీ, నేను చెప్పబోయే అభిరుచి బండికీ భేదం ఉన్నది. ఆటబొమ్మ లోపల ఏది చెడినా బొమ్మ మొత్తం మూలపడుతుంది. అభిరుచి బండిలో ప్రతి భాగాన్నీ మరలు విప్పి తీయవచ్చు, మార్చవచ్చు, ఇంతకంటె మేలైనదాన్ని బిగించవచ్చు. జపానుకు చెందిన తమియా సంస్థ 2017 ప్రాంతంలో తెచ్చిన డ్యాన్సింగ్ రైడర్ అనే బండి ఇట్టిదే. అసలు వాహనంలో 8వ వంతు పరిమాణంలో, ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలతో ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు ముందుభాగం మోటారుసైకిలు వలె లోపలికి ఒరుగుతుంది.

రేడియోతో వాహనాన్ని నడపడం కొత్త విద్య కాదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టిలో ఒక చిన్న పడవను తీగలేమీ లేకుండా నడిపి చూపాడు. ఆ సూత్రమే నేడు పిల్లవాని చేతిలోని ప్రసారిణిలో ఉన్నది. లోగడ ఈ బండ్లు 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, సుమారు 11 మీటర్ల తరంగదైర్ఘ్యం మీద పనిచేసేవి. ఒకే రకం స్ఫటికం గల రెండు బండ్లు ఒకచోట చేరితే, ఒకరి చేతికి మరొకరి బండి లొంగేది. నేటివి 2.4 గిగాహెర్ట్జ్ మీద, అంటే సుమారు 12 సెంటీమీటర్ల తరంగాలపై నడుస్తాయి. ప్రతి గ్రాహకమూ తన ప్రసారిణిని మాత్రమే గుర్తుపట్టేటట్లు ముందే జతచేసి ఉంటుంది. జత చేసేటప్పుడే మరొక ఏర్పాటు చూసుకోవాలి. ప్రసారిణి నుండి సంకేతం తెగిపోతే మోటారు ఆగిపోవాలి. ఈ ఏర్పాటు లేని బండి వీధిలోనికి తనంతట తానే పోగలదు.

ఇక అసలు విషయానికి వస్తాను. మూడు చక్రాలు నేలను తాకే చోట్లను గీతలతో కలిపితే ఒక త్రిభుజం ఏర్పడుతుంది. బండి బరువంతా ఒక్క బిందువులో కూడినట్లు భావించే స్థానాన్ని గరిమనాభి అంటాము. బండి మలుపు తిరిగేటప్పుడు బరువు బయటివైపుకు లాగుతుంది. ఆ లాగుడు గరిమనాభి ఎత్తును బట్టి బండిని పడద్రోయ జూస్తుంది. గరిమనాభి నుండి త్రిభుజపు అంచు వరకు ఉన్న వెడల్పు దానిని నిలబెట్టజూస్తుంది. నాలుగు చక్రాల బండిలో ఈ వెడల్పు ముందు నుండి వెనుక దాకా ఒకటే. మూడు చక్రాల బండిలో ముందుకు పోయేకొద్దీ త్రిభుజం సన్నబడుతుంది. బరువు ముందుకు జరిగిన ప్రతి అంగుళానికీ నిలకడ తరుగుతుంది. కిటుకంతా ఇందులోనే ఉన్నది.

ఒక లెక్క చూద్దాం. వెనుక చక్రాల మధ్య దూరం 16 సెంటీమీటర్లు, ముందు చక్రానికీ వెనుక ఇరుసుకూ మధ్య 20 సెంటీమీటర్లు ఉన్నదనుకొందాం. గరిమనాభి ముందు చక్రానికి 12 సెంటీమీటర్ల వెనుక, నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ ఒక ప్రక్కకు ఉన్న వెడల్పు 4.8 సెంటీమీటర్లు. బండి బరువులో 4.8ని 5తో భాగించినంత వంతు, అంటే 0.96 వంతు, ప్రక్కలాగుడు వస్తే లోపలి చక్రం పైకి లేస్తుంది. 2 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు 15 కిలోమీటర్లు దాటిన కొద్దిసేపటికే ఈ స్థితి వస్తుంది. ఇప్పుడు బ్యాటరీని వెనుకకూ క్రిందికీ జరిపి, గరిమనాభిని ముందు చక్రానికి 15 సెంటీమీటర్ల వెనుకకు, 4 సెంటీమీటర్ల ఎత్తుకు తెచ్చామనుకోండి. వెడల్పు 6 సెంటీమీటర్లవుతుంది. 6ని 4తో భాగిస్తే ఒకటిన్నర. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా బండి నిలకడ సగానికి పైగా పెరిగింది.

ఈ కొలతలు ఇంట్లోనే తీయవచ్చు. వంటింటి త్రాసు మీద ముందు చక్రాన్ని ఉంచి, వెనుక చక్రాల క్రింద అంతే ఎత్తుగల పుస్తకం పెట్టి తూచండి. మొత్తం బరువు 1000 గ్రాములై, ముందు చక్రం మీద 400 గ్రాములుంటే గరిమనాభి చెప్పిన మొదటి స్థానంలో ఉన్నట్లు; 250 గ్రాములుంటే రెండవ స్థానంలో ఉన్నట్లు. ముందు బరువు మరీ తగ్గించినా ప్రమాదమే. చక్రం తిప్పినా బండి తిన్నగా పోతుంది, వేగం పెంచగానే ముందుభాగం పైకి లేస్తుంది. ఎత్తును తెలుసుకొనుటకు బండిని ఒక పలక మీద అడ్డంగా నిలిపి, చక్రాలు జారకుండా అడ్డుకట్ట పెట్టి, పలకను మెల్లగా ఎత్తండి. మొదటి బండి సుమారు 44 డిగ్రీల వాలులో ఒరిగి పడుతుంది. సరిచేసిన బండి 56 డిగ్రీల దాకా నిలుస్తుంది.

ఈ సిద్ధాంతం ఆటబండికి మాత్రమే పరిమితం కాదు. విశాఖపట్నం సమీపంలో 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆనందపురం కూడలి ఉన్నది. పెందుర్తి మీదుగా అనకాపల్లి పోయే ఆరు వరుసల రహదారి అక్కడే చీలుతుంది. పూల వ్యాపారానికి పేరుగన్న ఊరు అది. అట్టి కూడలిలో తిరిగే ఆటోను త్రిభుజంగా భావించి చూడండి. డ్రైవరుకు అటొకరు ఇటొకరు కూర్చొంటే బరువు ముందుకు, సన్నని భాగానికి జరుగుతుంది. పైకప్పు మీద మూటలు కడితే గరిమనాభి పైకి పోతుంది. మలుపులో బ్రేకు వేస్తే బరువు ఇంకా ముందుకు తోసుకొస్తుంది. ఈ మూడూ కలిసిన చోట ఆటో పడిపోవడం దైవఘటన కాదు, లెక్క తప్పకుండా జరిగిన పని. 1886లో కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మొదటి మోటారు బండి కూడా ముందు ఒక చక్రం గల మూడు చక్రాల బండే. నాటినుండి నేటివరకూ ఈ లెక్క మారలేదు.

సరే, మన బండికి మెరుగులు ఏ వరుసలో చేయాలి? బరువు సరిచేసిన తర్వాత వంతు ఇరుసులది. చౌక బండ్లలో ఇరుసు ప్లాస్టిక్ గొట్టాల్లో తిరుగుతుంది. వాటి స్థానంలో బాల్ బేరింగులు వేస్తే ఘర్షణ తగ్గి, అదే బ్యాటరీతో బండి మరికొంతసేపు నడుస్తుంది. విశాఖవంటి సముద్రతీర నగరంలో వీటికి ఇద్దరు శత్రువులు: సన్నని ఇసుక, ఉప్పుగాలి. తీరాన నడిపి వచ్చిన బండిని కుంచెతో తుడిచి, బేరింగులలో ఒక చుక్క నూనె వేసి ఉంచకపోతే కొద్దివారాలలోనే తుప్పు పడుతుంది.

తర్వాత కుదుపులను అణచే గొట్టాలు. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి గుంతలో పడి లేచి ఎగురుతూనే ఉంటుంది. నూనె నింపిన గొట్టం ఆ ఊపును అణచుతుంది. చిక్కని సిలికోన్ నూనె వేస్తే బండి నెమ్మదిగా ఒరుగుతుంది. మరీ చిక్కనైతే గరుకు నేలమీద చక్రం నేలను వదిలి తుళ్ళుతుంది. ఎండ పెరిగితే నూనె కొంత పలుచబడుతుందని గుర్తుంచుకొని, ఉదయం సరిచేసిన బండిని మధ్యాహ్నం మరల పరీక్షించాలి.

టైర్ల విషయంలో చాలామంది పొరపడతారు. గట్టిపట్టు గల టైరే మంచి టైరని తలుస్తారు. పొడి సిమెంటు నేలమీద రబ్బరు పట్టు బండి బరువుకు కొంచెం తక్కువగానో, దాదాపు సమానంగానో ఉంటుంది. మొదటి లెక్కలోని బండి 0.96 వద్దనే పడిపోతుంది గనుక మంచి టైరు వేస్తే అది బోల్తాకే దారితీస్తుంది. రెండవ బండి ఒకటిన్నర దాకా నిలుస్తుంది గనుక పడిపోవడానికి ముందే జారుతుంది. జారిన బండిని అదుపులోనికి తేవచ్చు. బోల్తాపడిన బండిని వెళ్ళి ఎత్తవలసిందే. పడే లోపల జారేటట్లు చేయడమే సవరణకు పరమావధి.

ముందు చక్రాన్ని త్రిప్పే సర్వో మోటారును సరిచేయడం తేలిక. గ్రాహకం దానికి సెకనులో వెయ్యవ వంతు మొదలు రెండు వంతుల వరకు నిడివి గల సంకేతాలు పంపుతుంది. ఒకటిన్నర వంతు అంటే చక్రం తిన్నగా ఉండాలి. పాఠశాల ఆవరణలో పది మీటర్ల గీత గీచి, చేయి కదపకుండా బండిని దానిమీద నడపండి. ప్రక్కకు పోతే ముందుగా కడ్డీ పొడవు సవరించి, మిగిలిన కొద్ది తేడాను మాత్రమే ప్రసారిణి మీటతో దిద్దాలి.

అన్నిటికంటె చివర మోటారు, బ్యాటరీ. కుర్రవాళ్ళు మొదట చేయదలచేది ఇదే. మోటారు మీది చిన్న పళ్ళచక్రానికి 16 పళ్ళు, పెద్దదానికి 64 పళ్ళు ఉంటే మోటారు నాలుగుసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. చిన్నదానిని 20 పళ్ళకు మారిస్తే వేగం నాల్గవ వంతు పెరుగుతుంది. కాని వేగం నాల్గవ వంతు పెరిగితే అదే మలుపులో ప్రక్కలాగుడు సగానికి పైగా పెరుగుతుంది. మోటారూ ఎక్కువ వేడెక్కుతుంది. నడిపి ఆపిన మోటారు మీద వేలు ఆనించి నిలపలేకపోతే, పాత పళ్ళచక్రానికి మరలవలసిందే.

బ్యాటరీల గురించి తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలని కోరుతాను. పాతరకం నికెల్ బ్యాటరీలో ఆరు గదులు, 7.2 వోల్టులు. కొత్తరకం లిథియం పాలిమర్ బ్యాటరీలో రెండే గదులు, 7.4 వోల్టులు. ఇది తేలికైనది, శక్తిమంతమైనది, కోపిష్ఠిది. ఒక్కొక్క గది 4.2 వోల్టులు మించరాదు, 3 వోల్టులకు దిగరాదు. గదులను సమంగా నింపే చార్జరునే వాడాలి. నిద్రపోయేటప్పుడు, ఇల్లు వదిలేటప్పుడు చార్జింగులో ఉంచరాదు. మండే వస్తువులకు దూరంగా, మట్టికుండలోనో లోహపు పెట్టెలోనో భద్రపరచాలి. ఉబ్బిన బ్యాటరీ ఎంత ఖరీదైనదైనా మరల వాడరాదు, పిల్లల చేతికి ఇవ్వరాదు.

ఈ పనులన్నిటికీ ఒక్క నియమం ఉన్నది: ఒకసారికి ఒకే మార్పు. ఒక నోటుపుస్తకంలో తేదీ, చేసిన మార్పు, నేల స్వభావం, కలిగిన ఫలితం రాసుకోవాలి. ఒకేసారి టైరు, నూనె, మోటారు మార్చినవాడికి బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. చెడినా ఎందుకు చెడిందో తెలియదు. శాస్త్రపరిశోధకుడు ప్రయోగశాలలో పాటించే క్రమశిక్షణ ఇదే.

ఇంటిలోని కుర్రవాడు ఇట్టి బండి ముందు కూర్చొని మర విప్పుతుంటే, చదువు పాడుచేసికొంటున్నాడని గదమాయించే ముందు, త్రాసు తెచ్చి ముందు చక్రం బరువెంతో చెప్పమని అడగండి. సమాధానం చెప్పగలిగితే వాడు ఆడుకొంటూనే చదువుతున్నాడు. అట్లు నేర్చినవాడు రేపు ఆటో ఎక్కబోతూ, డ్రైవరు ప్రక్కన ఖాళీ ఉన్నదని పిలిచినా, మరొక ఆటో కోసం నిలబడతాడు.