సర్కారు కొనుగోళ్లు – విదేశీ సంస్థలు – మన కార్ఖానాలు

(సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ప్రభుత్వమునకు సరకు అమ్ముట పెద్దల పరిచయము గలవారికే సాధ్యమని మనలో పెక్కుమంది తలంపు. విదేశీ సంస్థ యొకటి భారత ప్రభుత్వమునకు రైలు ఇంజనులు అమ్మినదని చదివినచో, అది మనకందని వ్యవహారమని పత్రిక మడిచి పక్కన పెట్టుదుము. కాని ఆ వ్యవహారము నడచు త్రోవ కాగితముపై వ్రాసియున్నది. అందు మన చిన్న కార్ఖానాలకును పాలు కలదు. దానిని తెలుగులో వివరించుటకే మేము మీ ముందు నిలిచితిమి.

కేంద్ర శాఖల కొనుగోళ్లకు 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు ఆధారము. పెద్ద కొనుగోళ్ల టెండరు ప్రకటనలు కేంద్ర కొనుగోళ్ల పోర్టలునందు బహిరంగముగా వెలువడును. సాధారణ వస్తువులకు 2016లో నెలకొల్పబడిన జెమ్ అను ఆన్‌లైన్ విపణి కలదు. టెండరు వేయువారు సాధారణముగా అంచనా విలువలో నూటికి 2 మొదలు 5 వరకు ధరావతు కట్టవలెను. క్లిష్టమైన యంత్రములకు సాంకేతిక వివరములు వేరుగను, ధర వేరుగను సమర్పింపవలెను. మొదటిదానిలో నెగ్గినవారి ధరనే విప్పి చూతురు.

విదేశీ సంస్థకు ఇచ్చట మూడు ద్వారములు కలవు.

మొదటిది గ్లోబల్ టెండరు. 2020 మే నెల సవరణ ప్రకారము, రు. 200 కోట్ల వరకు గల కొనుగోళ్లకు ప్రత్యేకానుమతి యున్నగాని ఇట్టి టెండరు పిలువరాదు. అదే సంవత్సరము జూలైలో, మనతో భూసరిహద్దు గల దేశముల సంస్థలు ముందుగా నమోదు పొందవలెనను షరతు విధింపబడెను.

రెండవది ఒడంబడిక. ప్రపంచ వాణిజ్య సంస్థవారి ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందమున మన దేశము సభ్యత్వము తీసుకొనలేదు. 2010 నుండి పరిశీలక హోదాలో మాత్రమే యున్నది. అయితే 2022 మే 1న అమలులోనికి వచ్చిన యు.ఎ.ఇ. ఒప్పందమున ప్రభుత్వ కొనుగోళ్లకు ప్రత్యేకాధ్యాయము చేరినది.

మూడవది మనకు ముఖ్యమైనది. 2017 జూన్‌లో వెలువడి 2020 సెప్టెంబరులో సవరింపబడిన మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వు ప్రకారము, సరకు విలువలో నూటికి 50 వంతులైనను ఈ దేశమున చేకూరినచో అమ్మువాడు మొదటి తరగతి సరఫరాదారు. 20 మొదలు 50 లోపైనచో రెండవ తరగతి. 20కి తక్కువైనవాడు గ్లోబల్ టెండరులో తప్ప పాల్గొనరాదు. తక్కువ ధర ఇతరులదైనను, దానికి నూటికి 20 హెచ్చులోపు ధర వ్రాసిన మొదటి తరగతివానికి, ఆ తక్కువ ధరకే సరఫరా చేయు అవకాశము నిత్తురు. యజమాని ఏ దేశస్థుడని కాదు, విలువ ఎచ్చట చేకూరినదన్నదే ఈ తరగతుల లెక్క.

ఈ ఉత్తర్వునకు ముందే ఇట్టి పద్ధతి కనబడినది. 2010లో చెన్నై మెట్రో 42 రైళ్లకు ఫ్రెంచి సంస్థయగు ఆల్‌స్టామ్‌నకు ఆర్డరు నిచ్చెను. మొదటి 9 రైళ్లు బ్రెజిల్ నుండి వచ్చినవి; తక్కినవి తమిళనాడు సరిహద్దున ఆంధ్రలోని శ్రీసిటీయందు తయారైనవి. 2015లో రైల్వేశాఖ 800 విద్యుత్ ఇంజనులకు ఆ సంస్థతోనే ఒప్పందము చేసికొనగా, బీహారులోని మధేపురాలో కార్ఖానా వెలసినది.

ఇట్టి సంస్థ తన స్థానిక వంతు పెంచుకొనవలెనన్నచో పోతపనివారిని, లేతుపనివారిని, కేబుళ్లు కూర్చువారిని ఇచ్చటనే వెదకుకొనవలెను. బెంగుళూరు, హోసూరు, కోయంబత్తూరులలో ఈ పనులు చేయు మన కుటుంబములు లేవా?

అందులకు మూడు పనులు చేయవలెను. ఉద్యమ్ నమోదు పొందుడు. కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో నూటికి 25 వంతులు సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి కొనవలెనను లక్ష్యము కలదు; నేరుగా టెండరు వేయు అట్టి పరిశ్రమలకు ధరావతు మినహాయింపును కలదు. రెండవది, మీ ముడిసరకు లెక్కలు శుభ్రముగా నుంచుడు. దిగుమతియైన భాగమును స్థానికమని చూపరాదు. రు. 10 కోట్లు మించిన కొనుగోళ్లకు ఆడిటరు ధ్రువపత్రము కావలెను. తప్పుడు ప్రకటన చేసినవారిని రెండేండ్ల వరకు బహిష్కరింపవచ్చును. మూడవది, టెండరు పత్రమును ఆమూలాగ్రముగా చదువుడు.

ఆ పత్రములు చదువుటకు విదేశీ సంస్థలు జీతమిచ్చి ఉద్యోగులను పెట్టుకొనును. మన ఇండ్లలో చదువుకొన్న బిడ్డలున్నారు. వారు చదివి, పెద్దలకు తెలుగులో చెప్పినచో మన కార్ఖానాకు రావలసిన పని మనకు దక్కును. చదువనిచో అది పొరుగు కార్ఖానాకు పోవును. తప్పు ఎవరిపైనను వేయలేము.