కట్టు కింద జరిగే పని

ఇవాళ పట్టాలు పుచ్చుకుంటున్న పిల్లలకూ, తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన వాళ్ల అమ్మానాన్నలకూ అభినందనలు.

మన వైపు కాలు విరిగితే ఇంట్లో మొదట లేచే వాదన మీకు తెలిసిందే: ఆస్పత్రికా, పుత్తూరుకా? పుత్తూరులో వేసే నాటు కట్టును వెక్కిరించడం నాకిష్టం లేదు. విరిగిన ఎముకను సరిగ్గా కూర్చి కదలకుండా ఉంచితే అతుక్కుంటుందన్నది తరాల అనుభవం. మరీ బిగించి కడితే రక్తం ఆడక వేళ్లు నల్లబడతాయన్నదీ అంతే నిజం. అయితే కట్టయినా, స్టీలు ప్లేటయినా ఎముకను పుట్టించవు. మరి పుట్టించేదేమిటి?

1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ ఎముకలోని ఖనిజాన్ని ఆమ్లంతో తీసేసి, మిగిలిన మెత్తటి ముక్కను జంతువుల కండరంలో పెట్టారు. కండరంలో కొత్త ఎముక పుట్టింది! సంకేతం ఆ ముక్కలోనే దాగి ఉందన్నమాట. దాన్ని వెతికి పట్టినవారిలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లిన ఎ. హరి రెడ్డి ముఖ్యులు. నోబెల్ గ్రహీత చార్లెస్ హగ్గిన్స్‌తో కలిసి ఆయన ఎలుక చర్మం కింద అలాంటి ఎముక పొడి పెట్టి చూశారు. వారం తిరిగేసరికి మృదులాస్థి. తర్వాత రక్తనాళాలు. పది, పదకొండు రోజులకు ఎముక. మూడు వారాలకు అందులో మూలుగ, మాంసం కొట్లో మనం అడిగి మరీ వేయించుకునేదే!

1981లో రెడ్డి, తోటి పరిశోధకుడు సంపత్‌తో కలిసి ఇంకో అడుగు వేశారు. పొడిలోంచి ప్రోటీన్లను లాగేస్తే మిగిలిన పిప్పి ఎముకను పుట్టించలేదు. లాగిన ప్రోటీన్లూ విడిగా పుట్టించలేదు. రెండూ మళ్లీ కలిపితే పుట్టింది. విత్తనం మంచిదైనా నేలలో పదును లేకపోతే మొలకెత్తదని రేపల్లె రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మీ పాఠాల్లోని బీఎంపీలు (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లు) ఆ ప్రోటీన్లలోనివే.

2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వాటిలో ఒకటైన బీఎంపీ-2ను నడుం దగ్గర వెన్నుపూసలు అతికించడానికి అనుమతించింది. ఒంట్లో అతి స్వల్పంగా ఉండే పదార్థాన్ని మిల్లీగ్రాముల్లో పెట్టారు. కొందరు సర్జన్లు అనుమతి లేని మెడ భాగంలోనూ వాడారు. గొంతు వాచి ఊపిరాడని కేసులు రావడంతో 2008లో అదే సంస్థ హెచ్చరిక జారీ చేసింది.

అంత మోతాదు పెట్టాల్సి రావడానికి ఒక ముఖ్య కారణం వాహకం. మందును మోసే కొల్లాజెన్ స్పాంజి మొదటి రోజుల్లోనే చాలా భాగం వదిలేస్తుంది. విరిగిన చోటే పట్టి ఉంచి, వారాల తరబడి కొంచెం కొంచెంగా వదిలేది కావాలి. ఫార్మసీ పిల్లలూ, ఆ పని మీ బల్ల మీదికే వస్తుంది.