మంచి సమరయుడు మరునాడు ఏం చేశాడు?



ఈరోజు మీకు బాగా తెలిసిన కథే చెప్పబోతున్నా. సండే స్కూల్లో పదిసార్లైనా విని ఉంటారు. లూకా సువార్త 10వ అధ్యాయం, మంచి సమరయుడి కథ. కానీ అందులో మనం పెద్దగా పట్టించుకోని ఒక మాట ఉంది. "మరునాడు". ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట గురించే.

ముందు కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. యెరూషలేము నుంచి యెరికోకి వెళ్ళే దారి సుమారు 27 కిలోమీటర్లు. దాదాపు 1000 మీటర్లు కిందికి దిగాలి. చుట్టూ రాళ్ళ కొండలు, మలుపులు. దొంగలకి అనుకూలమైన రోడ్డు. అక్కడ ఒక మనిషిని కొట్టి, ఒంటి మీద బట్టలు కూడా లాక్కుని, కొన ఊపిరితో వదిలేసి పోయారు. యాజకుడు వచ్చాడు, చూశాడు, పక్క నుంచి వెళ్ళిపోయాడు. లేవీయుడూ అంతే. తర్వాత ఒక సమరయుడు వచ్చాడు. యూదులకీ సమరయులకీ అస్సలు పడదు. అయినా అతనే ఆగాడు. గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళాడు.

మనం మామూలుగా కథ ఇక్కడే ఆపేస్తాం. కానీ యేసు ఇక్కడ ఆపలేదు. సమరయుడు అక్కడే ఉండి అతన్ని చూసుకున్నాడు. మరునాడు 2 దేనారాలు తీసి ఆ ఇంటి యజమానికి ఇచ్చాడు. అప్పట్లో ఒక దేనారం అంటే కూలి మనిషికి ఒక రోజు కూలి. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలకి ఇచ్చింది అంతే. అంటే రెండు రోజుల సంపాదన ఇచ్చేశాడు. పైగా, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు.

నేను కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను కదా, అక్కడ దీన్ని ఫాలో-అప్ అంటాం. టికెట్ క్లోజ్ చేసి లాగౌట్ అయిపోతే సరిపోదు. రేపు ఆ ప్రాబ్లం మళ్ళీ వచ్చిందా అని చూడాలి. మన దయకి ఎక్కువగా మొదటి రోజే ఉంటుంది, మరునాడు ఉండదు. "ప్రే చేస్తాం బ్రదర్" అని మెసేజ్ పెడతాం. మర్నాడు "ఎలా ఉంది?" అని ఫోన్ చేసేవాళ్ళు ఎంతమంది?

ఇంకో విషయం తెలుసా? ఈ సమరయుడి పేరు మన దేశ చట్టంలో కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 134ఏ అనే సెక్షన్ వచ్చింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్ళకి ఏమీ ఆశించకుండా, మంచి మనసుతో సాయం చేసేవాళ్ళని ఆ చట్టం "గుడ్ సమారిటన్" అంటుంది. సాయం చేస్తుండగా ఏదైనా జరగరానిది జరిగినా వాళ్ళ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి లేదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. సో, యాక్సిడెంట్ దగ్గర ఫోన్ తీస్తే వీడియో కోసం తీయకండి. 108కి డయల్ చేయండి.

సరే, యాక్సిడెంట్లు రోజూ కనపడవు. పక్క ఫ్లాట్ రోజూ కనపడుతుంది.

మా ఫ్లోర్‌లో ఒక అంకుల్, ఆంటీ ఉంటారు. అంకుల్ రైల్వేలో రిటైర్ అయ్యారు. పిల్లలు అమెరికాలో. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు అది ఫోన్ కెమెరాకి ముఖం చూపించి కూడా ఇవ్వొచ్చు. మనకి పది నిమిషాల పని. ఆయనకి అది రెండు రోజుల టెన్షన్. నేను వెళ్ళి చేసిపెట్టాను. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, "అంకుల్, పెన్షన్ పడిందా?" అని అడిగాను. ఆయన నవ్వి, సూటిగా అడిగేశారు. "బాబూ, ఏమీ అనుకోకు. ఇదంతా మమ్మల్ని చర్చికి రమ్మనడానికా?"

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఫ్రెండ్స్, మన పక్కింటివాళ్ళలో చాలామంది పైకి అడగరు గానీ మనసులో అనుకుంటారు. నేను ఒకటే చెప్పాను. "కాదు అంకుల్. మీరు రాకపోయినా వచ్చే నవంబరులో నేనే వస్తాను."

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1876 నుంచి 1878 వరకు మన ప్రాంతంలో భయంకరమైన కరువు వచ్చింది. అప్పుడు ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవారు. ఆకలితో ఉన్న జనానికి కూలి దొరకాలని ఆయన బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకున్నారు. బాప్తిస్మం కావాలని చాలామంది అడిగారు. కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం చేరారు అనే మాట రాకూడదని ఆగారు. కూలి డబ్బుకీ, విశ్వాసానికీ మధ్య ఆయన గీసిన గీత అది.

సమరయుడు కూడా ఆ గాయపడ్డ మనిషిని ఏమీ అడగలేదు. నీదే ఊరు, ఏ గుడి, ఏ కులం... ఏదీ లేదు. "నా పొరుగువాడు ఎవడు?" అని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగితే, యేసు ఆ ప్రశ్ననే తిప్పేశాడు. ఆ ముగ్గురిలో పొరుగువాడిగా నిలబడింది ఎవరు అని ఎదురు అడిగాడు. అంటే పొరుగువాడు అనేది అడ్రస్ కాదు. మనం చేసే పని.

దయలో ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా ఉంటుంది. ఆంటీ ఒకరోజు గిన్నెలో దోసకాయ పప్పు పంపించారు. మన ఇళ్ళల్లో గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదంటారు కదా. మా అమ్మ అందులో నాలుగు అరిసెలు పెట్టి పంపింది. ఆ గిన్నె ఇప్పటికీ రెండు ఇళ్ళ మధ్య తిరుగుతూనే ఉంది. పక్కవాళ్ళ దగ్గర తీసుకోవడానికి మొహమాటపడితే, మనం సాయం చేసే గొప్పవాళ్ళం, వాళ్ళు అందుకునేవాళ్ళు అయిపోతారు. అది పొరుగు కాదు.

సో ఈ వారం ఒక చిన్న పని. మీరు ఇప్పటికే ఎవరికో సాయం చేసి ఉంటారు. హాస్పిటల్లో దింపిన ఫ్రెండ్, ఫీజుకి ఇబ్బంది పడ్డ వాచ్‌మన్ కూతురు, జాబ్ పోయిన రూమ్మేట్. కొత్తవాళ్ళని వెతకొద్దు. ఆ పాత మనిషి దగ్గరికే మళ్ళీ వెళ్ళండి. "ఇప్పుడెలా ఉంది?" అని అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి. ఆ టైంలో ఫోన్ జేబులో ఉంచండి.

కామెంట్లో ఆమేన్ తర్వాత పెడుదురు గానీ, ముందు వెళ్ళి ఆ తలుపు కొట్టండి.