గాలిగదిలో కొవ్వు లెక్క

పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా! కొవ్వు అనగానే మనకు గుండె, కొలెస్ట్రాల్ రిపోర్టు గుర్తొస్తాయి, ఊపిరితిత్తి గుర్తురాదు. కానీ గాలిగదుల లోపలి పొర మీద పరుచుకున్న సర్ఫాక్టెంట్‌లో దాదాపు 90 శాతం కొవ్వే. అది లేకపోతే ఊపిరి వదిలినప్పుడల్లా ఆ గదులు ముడుచుకుపోతాయి. పాతబడిన సర్ఫాక్టెంట్‌ను ఊడ్చే పని మాక్రోఫేజులనే కణాలది. పొగతాగేవారిలో ఆ కణాలే కొవ్వుతో ఉబ్బిపోతాయి. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులు కొవ్వు లెక్క చూడనిదే అర్థం కావన్నది నా వాదన.

సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు. హనుమాన్ జంక్షన్ చుట్టూ ఉన్న మన డెల్టా ఊళ్లకు దోమా, బోదకాలూ కొత్త కాదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు మీద కొందరి శరీరం అతిగా తిరగబడితే కాలు వాయదు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఆయాసం పట్టుకుంటాయి. అదే ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫీలియా. ఉబ్బసమనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీనికి మందు డైఇథైల్ కార్బమజీన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940లలో దాన్ని వెలికితీసింది. చిత్రమేమంటే, పరీక్షనాళికలో పురుగు మీద దాని ప్రభావం అంతంతమాత్రం. ఒంట్లోకి వెళ్లాకే పనిచేస్తుంది. అరాకిడోనిక్ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం నడిచే దారిని అది మార్చేస్తుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. శ్వాసనాళాలను బిగించే ల్యూకోట్రైన్లు పుట్టేదీ ఆ ఆమ్లం నుంచే. మీరు రోజూ రాయబోయే మాంటెలుకాస్ట్ అడ్డుకునేదీ వాటినే.

అలాగైతే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్‌తో, పొగ వల్ల వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు సీఓపీడీ కుదుటపడాలి కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2014లో వెలువడిన స్టాట్‌కోప్ పరీక్షలో 885 మంది సీఓపీడీ రోగులను తీసుకుని కొందరికి రోజుకు 40 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్ ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే జబ్బు ముదిరే సందర్భాలేమీ తగ్గలేదు. కాబట్టి సీఓపీడీ కోసమని స్టాటిన్ రాయకండి. అయితే ఆ పరీక్ష తేల్చింది ఒక మందు సంగతి మాత్రమే. రక్తంలోని కొలెస్ట్రాల్ దించినంత మాత్రాన గాలిగదిలోని మాక్రోఫేజు తన పనిలోకి తిరిగొస్తుందన్న హామీ లేదు. ఇక పొగే అసలు దోషి కదా అంటే, అవును. బీడీ అయినా, కట్టెలపొయ్యి అయినా మొదట మాన్పించాల్సింది దాన్నే. కానీ పొగ మానేసినవారిలోనూ జబ్బు ఎందుకు కొనసాగుతోందో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలదు.

మీలో చాలామంది ఈ జిల్లాలోనే ప్రాక్టీసు పెడతారు. రాత్రి దగ్గుతో వచ్చిన మనిషికి ఉబ్బసమని చీటీ రాసే ముందు ఇసినోఫిల్స్ లెక్క చూడండి. మైక్రోలీటరుకు 3000 దాటితే ఫైలేరియాను అనుమానించండి. ఆ రక్తపరీక్షకు రోగిని విజయవాడ దాకా పంపనక్కర్లేదు, జంక్షన్‌లోని చిన్న ల్యాబులోనే అయిపోతుంది.