సింక్లెయిరు దొరగారి తీసివేతలు



నేటి సాయంకాలము మీకొక పరదేశీయుని కథ చెప్పదలచితిని. అతని పేరు క్లైవ్ సింక్లెయిరు. ఇంగ్లండు దేశమున 1940వ సంవత్సరము జూలై 30వ తేదీని పుట్టి, 2021 సెప్టెంబరు 16వ తేదీని, 81 యేండ్ల వయస్సున, లండను నగరమున కాలధర్మము నొందెను. సామాన్యుని యింటికి కంప్యూటరును చౌకగా దెచ్చిన మహానుభావుడని కొందఱును, మూడు చక్రముల బండి చేసి నవ్వులపాలైన వెఱ్ఱివాడని కొందఱును అతనిని తలచుకొందురు. రెండు మాటలును నిజమే. ఆ కీర్తియు, ఆ యపకీర్తియు ఒక్క గుణమునుండియే పుట్టినవని నా యభిప్రాయము.

"పంతులుగారూ, వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన మీకు యంత్రముల మాట యేల?" అని మీరడుగవచ్చును. దానికి నాకొక కారణము కలదు. కడపట మనవి చేసికొందును.

బడిలో పిల్లలకు ముందు కూడిక నేర్పుదుము, పిమ్మట తీసివేత. యంత్రములు చేయువారు తఱచు కూడికతోనే తృప్తిపడుదురు. ఉన్నదానికి మఱియొక మీట, మఱియొక చక్రము చేర్చి ధర పెంచుదురు. సింక్లెయిరు తీసివేత లెక్క పట్టినవాడు. ఏ వస్తువును జూచినను, "దీనిలో లేకున్నను జరుగునది యేది?" అని యడుగును. ధనికుని బల్లమీది వస్తువును సామాన్యుని జేబులోనికి దింపుటకు అతడెఱిగిన దారి యిదియే.

అతని తాత ఓడల నిర్మాణమునందు నిపుణుడు, తండ్రి ఇంజనీరు. క్లైవు మాత్రము బడి చదువుతో సరిపెట్టుకొని, కళాశాల మెట్టెక్కక, రేడియోలు చేయు విధమును దెలుపు పత్రికలో వ్యాసములు వ్రాయు కొలువున జేరెను. 1961లో 'సింక్లెయిర్ రేడియానిక్స్' అను కంపెనీ పెట్టెను. 1964లో అగ్గిపెట్టెకన్న చిన్నదగు రేడియోను విడిభాగములుగా పొట్లము గట్టి టపాలో పంపజొచ్చెను. కొన్నవాడు ఇంటికడ కూర్చుండి తానే కూర్చుకొనవలెను. కూర్పు కూలి తగ్గెను గనుక ధరయు తగ్గెను.

1972లో 'ఎగ్జిక్యూటివ్' అను జేబు కాలిక్యులేటరును చేసెను. దాని మందము సెంటీమీటరునకు లోపే. అంతకు ముందటి యంత్రములు విద్యుత్తును విస్తారముగా త్రాగునవి. పెద్ద బ్యాటరీ కావలెను. బ్యాటరీ పెద్దదైన యంత్రము లావగును. సింక్లెయిరును అతని తోడివారును ఒక యుపాయము పన్నిరి. విద్యుత్తును ఎడతెగక పాఱనీయక, క్షణములో పెక్కుమార్లు విడుచుచు, ఆపుచు నుండునట్లు చేసిరి. మడికి నీరుపెట్టు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. తూము మూసినంతనే పైరు వాడిపోదు; నేల పట్టిన పదను కొంతసేపు దానిని నిలుపును. ఆ యంత్రములోని చిప్పును అట్లే యొక లిప్తకాలము విద్యుత్తును పట్టియుంచును. ఆ పదను ఆఱకమునుపే మఱల తూమెత్తిన చాలును. ఈ యుక్తిచే బొత్తాములంత బ్యాటరీలతో పని నడచెను. దాని ధర దాదాపు 80 పౌనులు. మఱుసటి యేడు 'కేంబ్రిడ్జి' అను వేఱొక రకమును సుమారు 30 పౌనులకే యిచ్చెను.

ఇంతవఱకు తీసివేత జయించెను. 1975లో 'బ్లాక్ వాచ్' అను చేతి గడియారమును తెచ్చెను. ఇచట తీసివేత శ్రుతిమించినది. బ్యాటరీ పదిదినములు నిలుచుటయే కష్టమాయెను. ఎండకొక వేగము, చలికొక వేగమున అది నడచెను. నైలాను బట్టల రాపిడిచే పుట్టు విద్యుత్తునకే లోపలి చిప్పు చెడిపోయెను. చెడి తిరిగివచ్చిన గడియారములు కుప్పలు పడెను. కంపెనీ నష్టములలో మునుగగా, 1976లో ప్రభుత్వసంస్థ పెట్టుబడి పెట్టి ఆదుకొనవలసివచ్చెను. 1979లో సింక్లెయిరు ఆ కంపెనీని విడిచిపోయెను.

మఱియొకడైనచో అంతటితో చేతులు ముడుచుకొనెడివాడు. ఇతడు 1980లో 'జెడ్ ఎక్స్ 80' అను కంప్యూటరును బయటపెట్టెను. దాని ధర 99 పౌనుల 95 పెన్నీలు. నూఱు పౌనులకు లోపున తయారైన కంప్యూటరును అంతకుమున్ను ఇంగ్లండు బజారున సామాన్యగృహస్థు ఎఱుగడు. ఎట్లు సాధ్యమయ్యెను? ప్రత్యేకమైన తెఱను తీసివేసెను. ఇంటిలోని టెలివిజనే తెఱ. వ్రాసినదానిని దాచుకొను పరికరమును తీసివేసెను. పాటలు వినెడి టేపు రికార్డరే దానికి పెట్టె. మీటలను తీసివేసి, పలుచని ప్లాస్టికు పొరపై అక్షరములు ముద్రించెను. 1981లో 'జెడ్ ఎక్స్ 81' వచ్చెను. మునుపటిదానిలో ఇరువది చిల్లరగా నున్న చిప్పుల పని దీనిలో నాలుగింటితో తీఱెను. ధర 69 పౌనుల 95 పెన్నీలు. విడిభాగములుగా కొనువానికి 49 పౌనుల 95. స్కాట్లండులోని డండీ పట్టణమున టైమెక్స్ కర్మాగారములో తయారైన ఈ యంత్రము పదునైదు లక్షలకు పైగా అమ్ముడుపోయెను.

దాని జ్ఞాపకశక్తి 1,024 అక్షరములు పట్టునంత మాత్రమే. ఒక పోస్టుకార్డు నిండ వ్రాసిన వ్రాతయని చెప్పవచ్చును. ఆ కార్డంత చోటిలోనే చదరంగమాడు ప్రోగ్రామును ఇమిడ్చిన ప్రజ్ఞావంతులు కలరు. కోట కట్టుట మొదలగు కొన్ని యెత్తులు దానికి రావు గాని, ఆట మాత్రము ఆడెడిది.

1982 ఏప్రిలు 23వ తేదీని 'జెడ్ ఎక్స్ స్పెక్ట్రమ్' వెలువడెను. రబ్బరు మీటలు, తెఱమీద రంగులు, ధర 125 పౌనులు మొదలు. ఏబది లక్షలకు పైగా అమ్ముడుపోయెను. ఆ దేశపు పిల్లలు పత్రికలలో అచ్చయిన ప్రోగ్రాములను చూచుచు గంటలతరబడి మీటలు నొక్కెడివారు. ఒక కామా తప్పినను ప్రోగ్రాము నడువదు. మఱల వెదకి దిద్దవలెను. నా చిన్ననాట అమరము వల్లెవేయునప్పుడు, ఒక విసర్గము జాఱినచో గురువుగారు శ్లోకము మొదటినుండి చెప్పించెడివారు. ఆ పిల్లలకు ఆ గురుత్వమును ఆ నల్లని చిన్నపెట్టె వహించెను. అట్లు దిద్దుకొని నేర్చినవారినుండియే బ్రిటనులో కంప్యూటరు ఆటల పరిశ్రమ చాలవఱకు పుట్టినది. వారతనిని 'అంకుల్ క్లైవ్' అని, మన పిల్లలు బాబాయి అనినంత చనవుగా పిలిచిరి. ప్రధానియగు మార్గరెట్ థాచర్ 1982లో జపాను ప్రధానికి ఈ యంత్రమును చూపి గర్వించెను. 1983లో రాణిగారు సింక్లెయిరునకు 'సర్' బిరుద మొసగిరి.

దోషములును చెప్పవలెను గదా! ఇరువదియెనిమిది దినములలో వస్తువు నంపెదమని సొమ్ము ముందుగా గైకొని, నెలలు గడిపిన సందర్భములు కలవు. 1984లో 'క్యు ఎల్' అను పెద్ద కంప్యూటరు పూర్తిగా సిద్ధము కాకమునుపే దండోరా వేయించెను. సొమ్ము కట్టినవారు ఎదురుచూచి విసిగిరి. నమ్మి డబ్బిచ్చినవాని ఓరిమిని కూడ తీసివేత పద్దులో వ్రాసికొనుట న్యాయము గాదు.

ఇక బండి మాట. విద్యుత్తుతో నడచు బండి చేయవలెనని అతనికి చిరకాలపు కోరిక. 1985 జనవరి 10వ తేదీని, నడిచలికాలమున, లండనులోని అలెగ్జాండ్రా ప్యాలెసునందు 'సి 5' అను బండిని లోకమునకు చూపెను. మూడు చక్రములు, ఒక్క మనుష్యుడు, ధర 399 పౌనులు, గంటకు 15 మైళ్ల వేగము. 14 ఏండ్లు నిండినవాడు లైసెన్సు లేకయే తోలవచ్చును. ఇంజను లేదు, పైకప్పు లేదు, తలుపులు లేవు, వెనుకకు నడపు గేరును లేదు. తోలువాడు కాళ్లు చాచుకొని నేలబారుగా కూర్చుండి, మోకాళ్ల క్రింది చేతికఱ్ఱతో మళ్లింపవలెను. ఎత్తు వచ్చినచో పెడళ్లు త్రొక్కవలెను.

వానకు తడియుటయు, చలికి బ్యాటరీ శక్తి తగ్గుటయు నటుండనిండు. ప్రక్కనే లారీ పోవుచుండగా, దాని చక్రమునకు సరియైన యెత్తున మనుష్యుని తల యుండెను. లారీవానికి తాను కనబడుదునో లేదో యను భయముతో ఎవడు బండి తోలును? వేల్సులో హూవరు కంపెనీవారి కర్మాగారమున బండిని కూర్చిరి గనుక, బట్టలుతుకు యంత్రపు మోటారును దానికి తగిలించిరని లోకులు ఎగతాళి చేసిరి. అది యబద్ధము, ఆ మోటారు ఇటలీనుండి తెప్పించినది. ఎగతాళికి ఋజువులు కావలెనా? దాదాపు 14,000 బండ్లు తయారుకాగా, ఆగస్టు నెలలో పని నిలిచిపోవునాటికి 5,000 మాత్రమే అమ్ముడుపోయెను. ఆ బండ్ల కంపెనీ ఆ యేడే దివాలా తీసెను. 1986 ఏప్రిలులో కంప్యూటర్ల వ్యాపారమును, ఆ సరకులపై తన పేరు వేసికొను హక్కును గూడ, 50 లక్షల పౌనులకు ఆమ్‌స్ట్రాడ్ కంపెనీకి అమ్ముకొనెను.

జేబు యంత్రమును బ్రదికించిన తీసివేతయే బండిని చంపినది. కాలిక్యులేటరు బల్లమీద ఒంటరిగా నుండును. రోడ్డు నలుగురిది. అచట నాకేది చాలును అనుట చాలదు; ఎదుటివాని బండి ఎంత, వాని చూపు ఎంత అనునదియు లెక్కలోనికి రావలెను. ఆ సంగతి అతనికి ఎవరును చెప్పకపోలేదు, అతడు వినలేదు.

అయినను పెద్దలారా, లోకము నవ్వినదంతయు వ్యర్థమని యెంచరాదు. దుష్కీర్తి పొందిన ఆ 'క్యు ఎల్' యంత్రమును ఫిన్లండు దేశమున లినస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి కొనెను. దానికి కావలసిన సామగ్రి బజారున దొరకమిచే, ప్రోగ్రాములు తానే వ్రాసికొని నేర్చెను. ఆ కుఱ్ఱవాడే 1991లో 'లినక్స్' అను వ్యవస్థకు ఆరంభకుడయ్యెను. నేడు మీ మనుమల చేతులలోని ఆండ్రాయిడు ఫోనులన్నింట లోపల పని నడపుచున్నది దాని రూపమే. ఇక బ్యాటరీ బండ్లన్ననో, తేలికయైన బ్యాటరీలు వచ్చిన పిమ్మట మన యూళ్ల బాటలమీదనే తిరుగుచున్నవి, నవ్వువారు లేరు. సింక్లెయిరు ఆ పిమ్మటను విద్యుత్తు సైకిళ్లు చేసెను. విచిత్రమేమనగా, ఇంటింట కంప్యూటరు పెట్టిన ఆ పెద్దమనుష్యుడు వృద్ధాప్యమున తాను కంప్యూటరును ముట్టలేదు; టెలిఫోనే చాలుననెను. అదియు నొక తీసివేతయే.

ఇక నా కారణము. సుమారు ముప్పదియైదేండ్ల క్రిందట నేను పనిచేయుచుండిన బడిలో గోడ గడియారము ఆగిపోయెను. ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు, బడి విడిచిన పిమ్మట బల్లయెక్కి దానిని దింపి, విప్పి, దుమ్ము తుడిచి, మఱల కూర్చి గోడకు తగిలించెను. మఱునాడు వాని అఱచేతిలో రెండు మరమేకులు మిగిలియున్నవి. "ఇవి లేకున్నను నడుచుచున్నది పంతులుగారూ" అని సంతోషముతో నాకు చూపెను. నేను మరమేకులను చూచితిని, గడియారమును చూడలేదు. చెడగొట్టు చేతులని తిట్టి, తరగతి యెదుట ఆ చేతులమీదనే బెత్తముతో కొట్టితిని. వారము తిరుగకుండ వాడు బడి మానెను. ఆ గడియారము ఆ యేడంతయు నడచెను. గంట కొట్టించుటకు దానివైపు చూచినప్పుడెల్ల నాకు తల వంగెడిది.

నేడు వాడు బజారువీధిలో బావి మోటార్లు బాగుచేయుచున్నాడు. నిరుడు నా మోటారును తీసికొనిపోగా, కుర్చీ వేసి, పని చేసి, కూలి పుచ్చుకొననన్నాడు. నాకు ఇంటికి వచ్చుటయే కష్టమైనది.

మీ యిండ్లలోను ఏదో విప్పుచుండు పిల్లవాడు ఉండియే యుండును. వానిని కొట్టకుడు. అట్లని మెచ్చుకోలుతోనే విడిచిపెట్టకుడు. ప్రక్కన కూర్చుండి, "ఈ మరమేకు ఎందులకున్నదిరా నాయనా? ఇది లేనిచో ఎవనికైన దెబ్బ తగులునా?" అని యడుగుడు. నాడు నేను వానిని అడుగవలసిన మాట అది. అడుగలేదు.

సెలవు.