విమానమెక్కుటకు ముందు పానము



ప్రయాణమునకు ముందు ఏదైన నొకటి పుచ్చుకొని బయలుదేరుట మనకు క్రొత్త గాదు. మా మాకవరపాలెము ప్రాంతమున ఊరికి పోవువానికి తల్లి యింత పెరుగన్నము పెట్టి, చెంబెడు మజ్జిగ యిచ్చి పంపును. ఎండయు నాకలియు దారిలో బాధింపకుండుటకై యేర్పడిన యాచారమిది. నేడు మా గ్రామములవారు విశాఖపట్టణమునకు బోయి విమానమెక్కి, హైదరాబాదు మున్నగు నగరముల మీదుగ దూరదేశములకు బోవుచున్నారు. వారికి విమానాశ్రయములలో మరియొక పానీయ మెదురగుచున్నది. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

పెద్ద విమానాశ్రయములయందు మద్యశాలలుండును. ఎత్తయిన పీటలు, అద్దముల ముందు వరుసదీర్చిన సీసాలు, పండ్లరసముతోడను మంచుగడ్డలతోడను పలువిధముల మద్యములను మేళవించి యిచ్చు పరిచారకుడు. ఆ మిశ్రమమునకే కాక్‌టెయిలని పేరు. అచ్చట ప్రొద్దునకు లెక్కలేదు. ఒకనికి తెల్లవారుజామైనచో, ప్రక్కవానికి తన దేశపు సాయంకాలము. కొందరు వేడుకకు, కొందరు ప్రొద్దుపుచ్చుటకు, పెక్కుమంది భయము దీర్చుకొనుటకు త్రాగుదురు.

ఈ యలవాటు విమానయానముతోడనే పెరిగినది. ఐర్లాండు దేశమున ఫోయిన్స్ అనుచోట నీటిపై వ్రాలు విమానములకొక స్థావరముండెడిది. 1943 ప్రాంతమున నొక శీతకాలపు రాత్రి, వాతావరణము బాగులేక తిరిగివచ్చిన ప్రయాణికులకు జో షెరిడన్ అను పాకశాలాధికారి వేడి కాఫీలో విస్కీ కలిపి యిచ్చెనందురు. నేడు లోకమంతట ఐరిష్ కాఫీ యనబడునది యదియే. అలసినవారి నాదరింపవలెనను సద్బుద్ధియే దానికి మూలము.

మన వైద్యశాస్త్రము మద్యమును కేవలము నిందించి యూరకుండలేదు. చరకుడు మదాత్యయ చికిత్సను జెప్పుచు, మదమును మూడవస్థలుగ విభజించెను. మొదట నుల్లాసము, పిదప మాటయు జ్ఞాపకమును తడబడుట, తుదకు విరిగిన మ్రానువలె పడియుండుట. త్రాగువాడు కాలము, మాత్ర, ఆహారము, బలము అను వానిని చూచుకొనవలెననియు జెప్పెను. ఈ నాలుగింటిని విమానాశ్రయమున నిలిపి చూతము.

కాలమా, అచ్చట లేనేలేదని చెప్పితిని. మాత్రయా, తీపిరసములో దాగిన మద్యమెంతయో త్రాగువానికి తెలియదు. ఆహారమా, తొందరలో బయలుదేరినవాని కడుపు తరచు ఖాళీ. ఇక బలము. విమానము లోపలి గాలి నేలమీది గాలివంటిది గాదు. అది 1,800 మొదలు 2,400 మీటర్ల యెత్తుగల కొండమీది గాలివలె పలుచనగ నుండును. నర్సీపట్నమునకు చేరువనున్న లంబసింగి సుమారు 1,000 మీటర్ల యెత్తు. దానికి రెట్టింపు కొండ నెక్కి కూర్చుంటిమన్నమాట. ఆ గాలియందు తేమయు మిక్కిలి తక్కువ. జర్మనీ దేశపు వైమానిక పరిశోధకులు అట్టి గాలిగల గదిలో కొందరిని నిద్రింపజేసి చూచి, 2024లో ఫలితములు ప్రకటించిరి. మద్యము త్రాగనివారి రక్తములో ప్రాణవాయువు నూటికి 88 పాళ్లకు తగ్గెను, గుండె నిమిషమునకు 73 మారులు కొట్టుకొనెను. త్రాగి నిద్రించినవారికి ప్రాణవాయువు 85 పాళ్లకు దిగెను, గుండె 88 మారులు కొట్టుకొనెను. నిద్ర పట్టినదని మనము సంతసింతుము గాని, గుండెకు మాత్రము విశ్రాంతి లేదు.

నాయొద్ద చదివిన యువకుడొకడు పొలము తాకట్టు పెట్టి కువైటునకు బయలుదేరెను. అదియే యతని ప్రథమ విమానయానము. నడుమ నొక విమానాశ్రయమున నాలుగు గంటలు వేచియుండవలసివచ్చెను. భయము పోవునని తోడివారు చెప్పగా రెండు పాత్రలు త్రాగెను. అలవాటులేని శరీరము, ప్రొద్దుటినుండి అన్నము లేదు. ద్వారముకడ నడక తడబడగా, ఉద్యోగులు విమానమెక్కనీయలేదు. టిక్కెట్టు పోయినది, పనిలో చేరవలసిన దినము దాటినది. అతని తండ్రి నాయొద్దకు వచ్చి, “పంతులుగారూ! ఆడు తాగుబోతు కాదు, బెదిరిపోనాడు” అనెను. ఆ మాట నిజము. అప్పు మాత్రము బెదరును లెక్కింపదు.

ఉద్యోగులను తప్పుపట్టుటకు వీలులేదు. వైమానికుడు విమానము నడుపుటకు ముందు 12 గంటలలో మద్యము ముట్టరాదని మన నిబంధన. మనదేశములోపల తిరుగు విమానములలో మద్యమీయరు. 2017లో వెలువడిన నిబంధనలు విమానములో నల్లరిచేయువారిని మూడు తరగతులుగ జేసి, 3 నెలలు, 6 నెలలు, 2 సంవత్సరములు లేక యంతకు మించియు ప్రయాణము నిషేధింప వీలు కల్పించినవి. బస్సులో గొడవపడినవానిని దారిలో దింపవచ్చును. ఆకాశమున నెచ్చట దింపుదురు? పైగా కువైటు వంటి దేశములలో మద్యమే నిషిద్ధము.

త్రాగువారిని దూషించుట నా యుద్దేశము గాదు. మా కొండలలో జీలుగుకల్లు త్రాగువారును చెట్టునీడను, తనవారి నడుమ త్రాగుదురు. విమానయాత్రికుడు తనవారిని విడిచి, అన్యుల నడుమ, అన్యుల చేతిలో ప్రాణము పెట్టి పోవువాడు. వానికి కావలసినది తెలివి.

భయము సిగ్గుపడవలసినది గాదు. దానికి మందు మాట. ముందు పోయివచ్చినవారు క్రొత్తగ బోవువానికి చక్రములు ముడుచుకొను చప్పుడు, మేఘములలోని కుదుపు, చెవుల దిబ్బడ మున్నగువానిని ముందే వివరింపవలెను. తేలికగ భుజించి, నీరు త్రాగి, కొంతసేపు నడువుమనవలెను. భయమెక్కువైనచో విమాన పరిచారికతో దాపక చెప్పుమనవలెను. బయలుదేరువాని టిక్కెట్టును పాస్‌పోర్టును సరిచూచునట్లే, ఈ నాలుగు మాటలును చెప్పి పంపుడు. సెలవు.